నేల ఆర్కిడ్ విత్తనాన్ని సీసాలో మొలిపించడం, మొదటి వేసవి దాటించడం

ఉదయగిరి వైపు వెలుగొండల వాలులో ఒక మొక్కను చూశానని మీరు రాశారు. నేలకు అతుక్కున్న నాలుగు వెడల్పాటి ఆకులు, వాటి నడుమ నుంచి లేచిన కాడ, కాడ నిండా వెనుకవైపు పొడవాటి తోక గల తెల్లని పూలు. ఆ మొక్క ఎండుకాయలు మూడింటిని తెచ్చి, కాలేజీ ప్రయోగశాలలో పూర్తి మోతాదు ఎం.ఎస్. మాధ్యమంలో (మొక్కల కణజాలాన్ని సీసాలో పెంచే పోషకాల మిశ్రమం) హార్మోన్లు కలిపి, దాని మీద గింజలు చల్లి, ట్యూబ్‌లైట్ల కింద మూడు నెలలు ఉంచినా ఒక్క గింజ మొలవలేదన్నారు. విత్తనం చచ్చిందా, పద్ధతి తప్పిందా అన్నది మీ మొదటి ప్రశ్న. మొలిపించగలిగితే వచ్చే ఉగాదికి కొండ మీద తిరిగి నాటవచ్చా అన్నది రెండవది.

రెండవదానికే ముందు జవాబు చెబుతాను. ఉగాదికి నాటవద్దు. మీరు వర్ణించిన మొక్క నేల ఆర్కిడ్లలో హాబెనేరియా ప్రజాతికి చెందినది. తూర్పు కనుమల్లో నేలను అంటిపెట్టుకున్న ఆకులతో పెరిగే హాబెనేరియా రాక్స్‌బర్గి గానీ, హాబెనేరియా ప్లాంటాజినియా గానీ కావచ్చు. వచ్చే పూతలో పెదవి రేకు చీలికలను దగ్గరగా ఫొటో తీసి నిర్ధారించుకోండి. ఏది అయినా దాని ఏడాది లెక్క ఒకటే. వానకు నేల తడిసిన తరువాత ఆకు వేస్తుంది, పూస్తుంది, కాస్తుంది, తడి ఆరేలోగా వచ్చే ఏటికి కావలసిన కొత్త దుంపను తయారు చేసుకుని ఆకును వదిలేస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది నేల లోపల దుంపగా నిద్రపోతూనే ఉంటుంది. ఉగాది నాడు కొండ ఎక్కి ఆ మొక్క ఉన్న చోటు చూపించమంటే, ఇన్నేళ్లుగా తిరిగిన నేను కూడా గుర్తు పెట్టిన రాయి లేకుండా చూపించలేను. అటువంటి కాలంలో సీసాలో పచ్చగా పెరిగిన లేత మొక్కను తెచ్చి ఎర్రమట్టిలో పెడితే, దాన్ని చంపడానికి రోహిణి కార్తె దాకా అవసరం లేదు, చైత్రమాసపు ఎండే చాలు. విత్తనం మొలిపించడం మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా మనం ఆ మొదటి వేసవి మీద పెట్టడం లేదు, నేను చూసిన నష్టాలలో ఎక్కువ భాగం అక్కడే జరిగాయి.

ఇది నేను కూడా నష్టపోయే నేర్చుకున్నాను. నెల్లూరులో అరటి టిష్యూ కల్చర్ పని చేస్తూ, తీరిక వేళల్లో ఈ మొక్కల మీద ప్రయత్నం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, బాగా పెరిగిన హాబెనేరియా మొక్కలను ఫిబ్రవరి చివర సీసాల నుంచి తీసి కుండీల్లో నాటాను. అరటి మొక్కకు చేసినట్టే పైన ప్లాస్టిక్ కవరు కప్పి, రోజూ నీటి తుంపర కొట్టి, వారం వారం గాలి అలవాటు చేశాను. పదిహేను రోజులకు ఆకులు కొసల నుంచి పసుపు తిరిగాయి. నీరు తక్కువైందనుకుని ఇంకా పెంచాను. నెల తిరిగేసరికి అన్నీ పడిపోయాయి. కుండీలు ఖాళీ చేద్దామని ఒకదాన్ని బోర్లించినప్పుడు, చితికిన వేళ్ల మధ్య మినపగింజంత దుంప ఒకటి, గట్టిగా, తెల్లగా, కొసన చిన్న మొగ్గతో కనిపించింది. మిగిలిన కుండీలలో కూడా అటువంటివి ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం నేను పోసిన నీటికే మెత్తబడి వేలితో తాకితే చితికిపోయాయి. ఆకు పసుపు తిరగడాన్ని నేను రోగమనుకున్నాను. ఆ మొక్క తన పని తాను చేసుకుని నిద్రకు సిద్ధమవుతోంది. నేను నీరు పోసి దాని దుంపను కుళ్లబెట్టాను.

ఇప్పుడు మీ సీసాల సంగతికి వస్తాను. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల వాళ్లకు చిన్న విత్తనం అంటే పొగాకు విత్తనమే గుర్తుకు వస్తుంది. చిటికెడు పొగాకు విత్తనాన్ని ఇసుకతోనో బూడిదతోనో కలిపితే తప్ప నారుమడిలో సమంగా పడదు. అయినా అంత చిన్న గింజలో కూడా పిండానికి తిండి మూటగట్టి ఉంటుంది, తడి తగిలితే తనంతట తాను మొలుస్తుంది. ఆర్కిడ్ గింజ దానికంటే ఎంతో తేలికైనది, దానిలో ఆ తిండి మూట లేదు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, దోమతెర గుడ్డతో కుట్టిన సన్నని సంచి లాంటి పొట్టు, దాని నడుమ వందో రెండు వందలో కణాలున్న గుండ్రటి పిండం కనిపిస్తాయి. వేరు లేదు, బీజదళం లేదు. అడవిలో ఆ పిండంలోకి ఒక శిలీంధ్రం చొరబడి, కుళ్లిన ఆకుల నుంచి తాను సంపాదించిన చక్కెరలను దానికి అందిస్తేనే అది ఉబ్బి, పొట్టు పగలగొట్టుకుని, ప్రోటోకార్మ్ అనే చిన్న ముద్దగా మారుతుంది. ఈ సంగతిని ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ 1899లో గుర్తించాడు. శిలీంధ్రం ఇచ్చే చక్కెరను మనమే మాధ్యమంలో కలిపితే శిలీంధ్రం లేకుండా కూడా మొలిపించవచ్చని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో చూపించాడు. ఈనాటికీ ప్రయోగశాలలో మన ముందున్నవి ఆ రెండు దారులే.

చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్లకు, అంటే మన పల్లెల్లో బదనిక అనేసే వాటికి, నడ్సన్ దారి చక్కగా సరిపోతుంది. నేల ఆర్కిడ్లు అంత సులభంగా లొంగవు. వీటిలో చాలా జాతుల పిండం ముదిరిన కొద్దీ దాని చుట్టూ ఉన్న పొర నీటిని రానివ్వనంత బిగుసుకుపోతుంది, పిండం కూడా నిద్రలోకి జారుతుంది. మీరు తెచ్చినవి పగలబోయే ఎండుకాయలు కనుక, మీ గింజలు చచ్చాయని నేను అనుకోవడం లేదు. అవి మూసుకుని ఉన్నాయి.

రెండవ కారణం మీ మాధ్యమం. మురషీగి, స్కూగ్ ఇద్దరూ 1962లో ఆ ఎం.ఎస్. మాధ్యమాన్ని తయారు చేసింది పొగాకు కణజాలం కోసం. లీటరుకు 1650 మిల్లీగ్రాముల అమ్మోనియం నైట్రేటు, 1900 మిల్లీగ్రాముల పొటాషియం నైట్రేటు పొగాకు వంటి తిండిపోతు మొక్కకు తగిన భోజనం. కొండవాలులో ఆకు కుళ్లిన పలుచని మట్టిలో బతికే మొక్క పిండానికి అది విషం వంటిదే. చాలా నేల ఆర్కిడ్లకు నైట్రేటు ఎక్కువైతే మొలకే ఆగిపోతుంది. మూడవది వెలుతురు. నేల లోపల చీకటిలో మొలవవలసిన గింజను మీరు దీపం కింద ఉంచారు. హార్మోన్లు ఈ దశలో అవసరమే లేదు. వాటిని పూర్తిగా మానేయండి.

మరోసారి విత్తే ముందు ఒక గంట కేటాయించి, కొన్ని గింజలను గాజుపలక మీద నీటిచుక్కలో వేసి లెక్కపెట్టండి. సంచి ఉండి లోపల పిండం లేని తాలు గింజలు ఎన్ని, నిండు గింజలు ఎన్ని అన్నది తెలియకుండా మొలక శాతం రాయడంలో అర్థం లేదు. నిండు గింజల్లో ప్రాణం ఉందో లేదో తెలియాలంటే ఒక శాతం టెట్రజోలియం ద్రావణంలో ఒక రోజు చీకటిలో ఉంచండి, బతికిన పిండం గులాబీ నుంచి ఎరుపు రంగు తిరుగుతుంది. అయితే ముదురు గింజలకు ముందుగా బ్లీచ్‌తో పొర సడలించకపోతే రంగు లోపలికి పోదు, బతికిన గింజను చచ్చిందనుకునే ప్రమాదం ఉంది.

శిలీంధ్రం లేకుండా చేయాలనుకుంటే పచ్చికాయ నుంచి మొదలుపెట్టండి. ఇందుకు మీరు పూత కాలంలోనే కొండకు వెళ్లాలి. పళ్లపుల్ల కొసతో ఒక మొక్క పుప్పొడి ముద్దను తీసి వేరే మొక్క పువ్వు కీలాగ్రానికి అంటించి, కాడకు రంగు దారం కట్టి తేదీ రాసుకోండి. పొడవు తోకల తెల్లని పూలకు రాత్రిపూట వచ్చే చిమ్మటలే దిక్కు కనుక, వాన రాత్రుల్లో అవి రాకపోతే కాయ పట్టదు. మన చేయి సాయం వృథా పోదు. ఒక కాయ పగిలే దాకా ఉంచి, పరాగం అంటించిన నాటి నుంచి పగిలిన నాటికి ఎన్ని రోజులో తెలుసుకోండి. ఆ కాలంలో సగం దాటి మూడింట రెండు వంతుల లోపు ఉన్న కాయలో పిండం ఏర్పడి ఉంటుంది, పొర ఇంకా బిగిసి ఉండదు. మొదటి ఏడాది వారానికి ఒక కాయ చొప్పున కోసి చూస్తేనే మీ కొండ మొక్కకు సరైన రోజు దొరుకుతుంది. దాన్ని ఏ పుస్తకమూ మీకు చెప్పలేదు.

పచ్చికాయతో పని సుళువు. కాయను సబ్బునీటితో కడిగి, బ్లీచ్‌లో పదిహేను నిమిషాలు ఉంచి, లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచే పెట్టె) లోపల స్పిరిట్‌లో ముంచి ఒక్క క్షణం మంట తగిలించి, స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) బ్లేడుతో నిలువునా చీల్చి గింజలను గీకి చల్లాలి. మంట తగిలించేటప్పుడు స్పిరిట్ గిన్నె దూరంగా ఉంచండి. ఎండుకాయ గింజలు తప్పవంటే వడపోత కాగితంలో చిన్న పొట్లం కట్టి, ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఒక చుక్క ట్వీన్ (గింజ బాగా తడిసేలా చేసే సబ్బు వంటి ద్రవం) వేసి కదుపుతూ ఉండాలి. గోధుమరంగు గింజ తెల్లబడడం మొదలైనప్పుడు తీసి, స్టెరైల్ నీటితో మూడుసార్లు కడగాలి. గడియారం కంటే గింజ రంగే నమ్మదగిన కొలత.

మాధ్యమానికి నడ్సన్ తయారు చేసిన నడ్సన్ సి గానీ, నాలుగో వంతు ఎం.ఎస్. గానీ తీసుకుని, లీటరుకు 10 నుంచి 20 గ్రాముల చక్కెర, 1 గ్రాము పెప్టోన్, 100 మిల్లీలీటర్ల లేత కొబ్బరినీరు, 7 లేక 8 గ్రాముల అగర్ (మాధ్యమాన్ని జెల్లీలా గడ్డకట్టించే పొడి) వేసి, పి.హెచ్. 5.6 దగ్గర నిలపండి. నత్రజనిని అమైనో ఆమ్లాల రూపంలో ఇచ్చే పెప్టోన్ ఇక్కడ నైట్రేటు కంటే మేలు చేస్తుంది. నీరు తప్పనిసరిగా డిస్టిల్డ్ నీరే కావాలి. మన తీరప్రాంతపు బోరు నీటి ఉప్పు అరటిని కూడా ఇబ్బంది పెడుతుంది. ఆటోక్లేవ్ లేకపోతే ఇంటి ప్రెషర్ కుక్కర్‌లో, ఆవిరి పూర్తిగా వచ్చిన తరువాత వెయిట్ పెట్టి ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. సీసాలకు అల్యూమినియం కాగితం చుట్టి 25 డిగ్రీల దగ్గర చీకటిలో పెట్టండి. మొదట గింజ ఉబ్బుతుంది, తరువాత పొట్టు చీలి తెల్లని ముద్ద బయటికి వస్తుంది, దాని అడుగున దూది పోగుల వంటి నూగు వస్తుంది, చివరకు పైన చిన్న మొన తేలుతుంది. మొన తేలిన తరువాతే వెలుతురు చూపించండి. ఇది వారాల పని కాదు, నెలల పని.

శిలీంధ్రంతో చేసే దారి కష్టమైనదే, కానీ మీ ఉద్దేశం మొక్కను తిరిగి కొండకు చేర్చడమే అయితే నేను ఆ దారినే ఎన్నుకోమంటాను. సీసాలో చక్కెర తాగి పెరిగిన మొక్కకు బయట మట్టిలో చేయూత ఇచ్చే తోడు ఉండదు. శిలీంధ్రంతో మొలిచిన మొక్క ఆ తోడును వెంటబెట్టుకుని వెళుతుంది. ఇందుకు పూర్తిగా ఆకు విప్పి ఉన్న కాలంలో, మొక్కను పెకలించకుండా ఒక పక్క మట్టి తొలిచి, ఒకటి రెండు వేళ్లను మాత్రం కోసి తడి గుడ్డలో చుట్టి అదే రోజు ప్రయోగశాలకు తేవాలి. దుంపను ముట్టవద్దు, దుంపలో సాధారణంగా శిలీంధ్రం ఉండదు, పైగా అది ఆ మొక్కకు వచ్చే ఏటి ప్రాణం. వేరును పలుచని బిళ్లలుగా కోసి చూస్తే, కొన్ని కణాల లోపల దారపు ఉండను కుక్కినట్టు పసుపు ఛాయలో చుట్టుకున్న పోగులు కనిపిస్తాయి. వాటిని పెలోటాన్లు అంటారు. సన్నని సూదులతో ఆ కణాలను చీల్చి, పెలోటాన్లను నాలుగైదు స్టెరైల్ నీటిచుక్కల్లో వరసగా కడిగి, బాక్టీరియాను ఆపే స్ట్రెప్టోమైసిన్ కలిపిన పలుచని అగర్ మీద పెట్టాలి. రెండు మూడు రోజుల్లో ఉండ నుంచి పోగు సాగితే, ఆ పోగు కొసను మాత్రమే కోసి బంగాళాదుంప మాధ్యమం మీదికి మార్చండి. కొమ్మలు దాదాపు లంబకోణంలో చీలి, చీలిన చోట నొక్కినట్టు సన్నబడి, ఆ దగ్గరే అడ్డుగోడ ఉంటే అది రైజోక్టోనియా తరహా శిలీంధ్రం. తులాస్నెల్లా, సెరటోబాసిడియం వంటివి ఈ కోవలోవే. పచ్చగా, నల్లగా పొడి రాలే బూజులు వస్తే మొహమాటం లేకుండా పారేయండి.

విత్తడానికి లీటరు నీటికి 2.5 నుంచి 3 గ్రాముల ఓట్స్ పొడి, 8 గ్రాముల అగర్ చాలు, చక్కెర వద్దు. తిండి ఎక్కువ పెడితే శిలీంధ్రం బలిసి గింజనే తినేస్తుంది. తక్కువ పెడితే రెండింటికీ పొత్తు కుదురుతుంది. వడపోత కాగితపు ముక్క మీద గింజలు చల్లి పెట్రీడిష్‌లో పరచి, నడుమ శిలీంధ్రం ముక్క ఉంచి, అంచు మూసి చీకటిలో పెట్టాలి. పెద్ద మొక్క వేరులో దొరికిన శిలీంధ్రమే గింజను మొలిపిస్తుందన్న హామీ లేదు కనుక, కనీసం నాలుగైదు మొక్కల నుంచి తీసిన రకాలను విడివిడిగా పరీక్షించండి.

ఇంకొక పద్ధతి నాకు ఎంతో ఇష్టమైనది, ఖర్చు కూడా లేనిది. 1993లో రాస్‌ముసెన్, విగమ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చెప్పినది. గింజలు జారిపోనంత సన్నని నైలాన్ గుడ్డలో గింజలను మడిచి, పాత ఫొటో స్లైడు ఫ్రేములో బిగించి, తల్లిమొక్క చుట్టుపక్కల నేలలో పాతిపెట్టడం. ఆగస్టులో పాతి, వానాకాలమంతా ఉంచి, జనవరిలో తీసి చూస్తే, ఎక్కడ గింజ ఉబ్బిందో అక్కడ సరైన శిలీంధ్రం ఉన్నట్టే. తల్లిమొక్కకు జానెడు దూరంలో మొలిచి, రెండు బారల అవతల ఒక్కటీ మొలవకపోవడం మీరే చూస్తారు. ఉబ్బిన ముద్ద నుంచి తీసిన శిలీంధ్రం, వేరు నుంచి తీసిన దానికంటే నమ్మదగినది.

ఇక మొదటి వేసవి. సీసాల నుంచి మొక్కలను బయటికి తీసే తేదీని సీసాలోని మొక్క ఎదుగుదల చూసి కాక, కొండ మీది వాన చూసి నిర్ణయించండి. మీ ఉదయగిరి వైపు ఈశాన్య రుతుపవనాల వానే ప్రధానం కనుక, అక్టోబరు మొదటి మంచి వాన తరువాత నాటితే మొక్కకు దాదాపు నాలుగు నెలల తడి దొరుకుతుంది. గిద్దలూరు వైపు నల్లమల మొక్కలకు నైరుతి వాన కూడా అందుతుంది, వాటి లెక్క ముందుగా మొదలవుతుంది. రెండు చోట్ల మొక్కలను ఒకే పట్టీ ప్రకారం పెంచవద్దు, కలిపి నాటవద్దు. సీసాలోనే దుంప కట్టిన మొక్క అయితే ఇంకా మంచిది. రెండు నెలలు కొత్త మాధ్యమంలోకి మార్చకుండా వదిలేస్తే చాలా మొక్కలు తమంతట తామే దుంప కడతాయి. ఆ దుంపను కడిగి నాటడం, ఆకులతో ఉన్న మొక్కను నాటడం కంటే ఎంతో క్షేమం.

కుండీలో మూడు పాళ్లు ముతక ఇసుక, రెండు పాళ్లు చివికిన ఆకు ఎరువు, ఒక పాలు కొండ మీది తల్లిమొక్క దగ్గరి మట్టి వేయండి. ఆ మట్టిని ఆటోక్లేవ్ చేయవద్దు. శిలీంధ్రనాశినులు, యూరియా, డీఏపీ దగ్గరికి రానివ్వవద్దు. సంక్రాంతి దాటాక నీరు తగ్గించండి. ఆకు పసుపు తిరిగితే మనసు గట్టి చేసుకుని పూర్తిగా ఆపేయండి. డాబా మీద ఉంచిన కుండీ వేడెక్కినట్టు కొండ మీద అరచేయి లోతున మట్టి వేడెక్కదు కనుక, కుండీని వేప చెట్టు నీడలో అంచు దాకా భూమిలో పాతి, పైన ఎండుటాకులు కప్పండి. మే నెలలో ఒకసారి ఒక్క కుండీని మాత్రం తెరిచి, దుంప గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. ముడతలు పడినా గట్టిగా ఉంటే భయం లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. వెలుగొండల్లో కొంత భాగం శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం. అక్కడ కాయ కోయాలన్నా వేరు తీయాలన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుల అనుమతి కావాలి. రిజర్వు అడవిలో అయితే డివిజనల్ ఫారెస్ట్ అధికారిని రాతపూర్వకంగా అడగండి. అనుమతి ఉన్నా పదింటిలో ఒక కాయకు మించి కోయకండి. సాలాబ్ మిశ్రి అనే మందు పేరుతో ఆర్కిడ్ దుంపలు కొనేవాళ్లు తిరిగే రోజుల్లో, మొక్కలున్న చోటును ఫొటోతో సహా అందరికీ చూపించడం కూడా మంచిది కాదు.

మీకు హాబెనేరియా చేతికి వచ్చేలోపు చేయి తిరగడానికి జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్ గానీ, యులోఫియా గానీ, ఈ నేల ఆర్కిడ్లలో ఒకదాన్ని ఎన్నుకోండి. అవి పచ్చికాయ నుంచి శిలీంధ్రం లేకుండానే చక్కగా మొలుస్తాయి. పూసినప్పుడు తల వంచుకుని ఉండే జియోడోరమ్ కాడ కాయ పట్టాక నిటారుగా లేస్తుంది కనుక, కాయ ముదిరేది దూరం నుంచే తెలిసిపోతుంది.

మీ పాత సీసాలను పారేయకండి. బూజు పట్టని వాటి నుంచి గింజలను ఒక స్టెరైల్ చెంచాతో ఎత్తి, పైన చెప్పిన పలుచని మాధ్యమం మీదికి మార్చి, కాగితం చుట్టి చీకటిలో పెట్టండి. ఆరు నెలల దాకా నెలకొకసారి మాత్రమే విప్పి చూడండి. మిగిలిన కాయలో గింజలు ఇంకా ఉంటే, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పది రోజులు ఆరబెట్టి, మూత బిగించి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. డబ్బా మీద కాయ కోసిన తేదీ, చోటు, ఏ మొక్క నుంచి కోశారన్నది పెన్సిలుతో రాయండి. తేమకు ఇంకు కరిగిపోతుంది.